వెనక్కి తిప్పి చూడని ఫోటో

ఉదయగిరి నాకు పదకొండేళ్లు తెలిసిన ఊరు. అయినా ఒక్కసారీ వెళ్లలేదు.

నెల్లూరులో జిల్లా పేజీలు దిద్దే బల్ల ముందు కూర్చున్న ఆ పదకొండేళ్లలో ఉదయగిరి దగ్గర ఎండిన బోర్లు, పిడుగుపాటుకు పోయిన గొర్రెలు, కొండ మీద దారితప్పి మర్నాటికి దొరికిన మనుషులు, అన్నీ నా చేతుల మీదుగానే అచ్చుకి వెళ్లాయి. అక్కడి విలేకరి పెంచలయ్య చేతిరాత నాకు తెలుసు. ఫోన్లో గొంతు తెలుసు. మనిషిని మాత్రం ఎప్పుడూ ఎదురుగా చూడలేదు.

మొన్న జనవరిలో ఆ గొంతు చాలాకాలానికి మళ్లీ వినిపించింది. కాలేయం పాడయిందట. ఇంక మందులు దండగని డాక్టర్లు చెప్పేశారట. ఫలానా బస్సు ఈరోజు రాదు అన్నంత మామూలుగా చెప్పాడు. "శనివారం దేవదానం మాస్టారి జ్ఞాపకార్థ కూడిక ఉండాది. ఈసారన్నా రా అన్నా. మళ్లా ఏటికి నేనుండను."

ఇరవై రెండేళ్ల కిందట నేను చేసిన ఒక తప్పును పెంచలయ్య తనదనుకుని మోస్తున్నాడు. అది నాదని అతను బతికుండగా చెప్పాలి. ఉద్యోగం మానాక నేనుంటున్న తణుకులో రైలెక్కేటప్పుడు నా సంచిలో రెండు జతల బట్టలు, ఒక కవరు, ఆ కవరులో ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో ఉన్నాయి.

సంగం

నెల్లూరు నుంచి బయల్దేరిన బస్సు సంగం చేరేసరికి పొద్దున మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తరవాతి బస్సుకి పోవచ్చులే అని దిగిపోయాను. తొందర పడకపోవడం నాకు వయసుతో వచ్చిన అలవాటు. ఆరోజు మాత్రం అందులో కొంత పిరికితనం కూడా ఉంది.

గోదావరి చూసి పెరిగిన కంటికి పెన్న మొదట నదిలా అనిపించదు. ఎక్కువ భాగం ఇసుకే, నది ఎక్కడికో వెళ్లి ఇంకా తిరిగి రానట్టు ఉంటుంది. బ్యారేజీ దగ్గర మాత్రం ఆగిన నీళ్లు కనుచూపు మేర పరుచుకున్నాయి. నీళ్లేవో మంచేదో తెలియడం లేదు. మధ్యలో ఒక మనిషి నడుము లోతున నిలబడి వల విసిరాడు. వల విచ్చుకోవడం కనిపించింది, నీళ్ల మీద పడిన చప్పుడు కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఆ కొంచెం సేపు ఏ ఊళ్లో ఉన్నానో మరిచిపోయాను.

కాలవ గట్టున టీ కొట్టు. టీ పది రూపాయలు, మా వైపు కంటే చిన్న గ్లాసు, రెట్టింపు పంచదార. కలుపు తీయడానికి పోతున్న ఆడవాళ్లు నలుగురు ఆటో కోసం నిలబడి ఉన్నారు. వాళ్లలో పెద్దామె నా ఇస్త్రీ చొక్కాను, సంచిని కాసేపు చూసి అడిగింది.

"యాడికి నాయనా, సావుకా పెండ్లికా?"

ఉదయగిరికని చెప్పి, రెండూ కాదన్నాను.

"రెండూ కాకుండా ఉదయగిరికి ఎవురు పోతారు?" అని పక్కావిడ నవ్వింది. మా వైపు ఇలాంటి సంగతి తెలుసుకోవడానికి ముందు నాలుగు మర్యాదలు దాటాలి. ఇక్కడ మొదటి మాటే తలుపు తోసుకుని లోపలికి వచ్చేస్తుంది. జబ్బు చేసిన స్నేహితుణ్ని చూడ్డానికి అని చెప్పాను. పెద్దామె తల పంకించి, అయితే ఉత్త చేతుల్తో పోబాక, పండ్లు కూడా వద్దు, జబ్బు మనిషికి అందరూ పండ్లే తెస్తారు, ఆయనకి ఇష్టమైందేదో అది తీసుకోమంది. ఆయనకేది ఇష్టమో ఆలోచిస్తే నాకు తెలియదు.

ఆత్మకూరు

ఆత్మకూరులో దిగి నాలుగడుగులు వేశానో లేదో చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా బస్టాండు చుట్టూ తిరిగి చెప్పులు కుట్టే ఆయన్ని పట్టుకున్నాను. ఇరవై రూపాయలు తీసుకుని రెండో చెప్పు కూడా కుట్టి ఇచ్చాడు. అది బాగానే ఉంది కదా అంటే, ఒకటి పోయినాక రెండోది ఎన్నాళ్లుంటుంది అన్నాడు. కారం దోసె ముప్పై అయిదు. తిన్నాక కళ్లలోంచి కారిన నీళ్లకు ఏ అర్థమూ లేదు, అదంతా ఎర్రకారం పని.

సాయంత్రం ఒక ఫ్లెక్సీల కొట్టుకి వెళ్లాను. గోడలకు పుట్టినరోజు శుభాకాంక్షలూ కన్నీటి నివాళులూ ఒకే సైజులో, ఒకే నవ్వులతో వేలాడుతున్నాయి. కంప్యూటర్ ముందున్న అమ్మాయికి కవర్లో ఫోటో ఇచ్చి పెద్దది చేసిపెట్టమన్నాను. ఆమె ఫోటో అందుకుని, మొదట వెనక్కి తిప్పింది. అక్కడున్నది చదివింది. ఆ తరవాతే మొహం చూసింది.

వెనక ఎందుకు చూశావమ్మా అని అడిగాను.

"పేరు ఆడే గదా సార్ ఉంటాది. ఒకరి బదులు ఒకర్ని ఏస్తే ఎవురు పడతారు తిట్లు?"

ఇరవై రెండేళ్ల కిందట నాకు ఆ పని చేతకాలేదు. అప్పట్లో వార్తలూ ఫోటోలూ కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవరుకు ఇచ్చేవారు, నెల్లూరు బస్టాండు నుంచి మా ఆఫీసు మనిషి తెచ్చేవాడు. ఒక సాయంత్రం ఉదయగిరి కవర్లో రెండు ఫోటోలు వచ్చాయి. ఒకటి చనిపోయిన దేవదానం మాస్టారిది. ఊళ్లో సగం మందికి అక్షరాలు నేర్పిన మనిషి. రెండోది గుర్తింపు కార్డు కోసం పెంచలయ్య పంపుకున్న సొంత ఫోటో. రెంటి వెనకా పేర్లు రాసే ఉన్నాయి. పేజీకి ఆలస్యమవుతోందని తిప్పి చూడకుండా చేతికి దొరికింది పెట్టేశాను. ఆ మొహం మాస్టారిదో పెంచలయ్యదో నాకెలా తెలుస్తుంది? "దేవదానం మాస్టారు కన్నుమూత" అన్న శీర్షిక కింద మీసాల పెంచలయ్య నిక్షేపంగా నవ్వుతూ తెల్లారాడు.

పొద్దున్నే ఫోన్ చేశాడు, వణుకుతూ. "నేనే పొరపాటున నా ఫోటో ఒక్కటే పెట్టుంటా సార్. మాస్టారిది యాడో పోగొట్టినాను" అన్నాడు. మాస్టారి ఫోటో అప్పుడు నా బల్ల మీదే ఉంది. నేను దాన్ని సొరుగులోకి తోసి, ఇకనుంచి జాగ్రత్తగా ఉండమన్నాను. మర్నాడు సవరణ వేస్తూ "స్థానిక విలేకరి పొరపాటు వల్ల" అని నా చేత్తోనే రాశాను. ఆ ఇంట్లో మాస్టారికి ఉన్న ఒకే ఒక్క మంచి ఫోటో అదేనని తరవాతెప్పుడో తెలిసింది. అప్పటికి తిరిగి ఇవ్వాలంటే నిజం కూడా ఇవ్వాల్సి వచ్చేది.

పెద్ద ఫోటో బాగా వచ్చింది. చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

దుత్తలూరు దారిలో

మర్నాడు బస్సులో నా పక్కన తెల్ల తలపాగా గొర్రెల కాపరి కూర్చున్నాడు. ఒళ్లో రెండు రోజుల గొర్రెపిల్ల. తల్లి పాలు ఇవ్వడం లేదని దుత్తలూరు అవతల చెల్లెలి మందకి తీసుకుపోతున్నాడట. కాలవలు వెనకబడిపోయాయి. ఎర్రనేల, కందిచేలు, అక్కడక్కడ తుమ్మచెట్లు, వాటి మధ్య ఎవరూ లేని దారులు. ఎండ నీరసంగా, తియ్యగా ఉంది. కునుకు పట్టింది.

బస్సు ఆగినప్పుడు ఆయన పిల్లను నా ఒళ్లో పెట్టి బీడీలకు దిగాడు. డ్రైవరు చూసుకోలేదు, బస్సు కదిలింది. కాపరి వెనక పరుగు, నేను లేచి అరవడం, ఈ గోలలో గొర్రెపిల్ల నా ప్యాంటు తడిపేసింది. ఆయన ఎక్కి, ఆయాసపడుతూ, నా తడిసిన ఒడిని పరిశీలనగా చూశాడు.

"పోసిందా? అయితే బతుకుద్ది సామీ. నిన్నట్నించి పొయ్యలేదు."

తుడుచుకుంటున్న నాకు ఎందుకో చాలా సంతోషం కలిగింది. ఆ వెచ్చదనం ఆరేవరకూ ఆ పిల్ల నా ఒళ్లోనే నిద్రపోయింది.

కొండ కింద

ఉదయగిరి కొండ ఒక్కసారిగా కనపడదు. మొదట ఆకాశంలో ఒక మడతలా ఉంటుంది. బస్సు మలుపు తిరిగిన కొద్దీ ఆ మడత గట్టిపడి, నీలంగా మారి, చివరికి దాని మీద పాత కోటగోడలు గీతల్లా తేలతాయి. ఊరు దాని నీడలో ఉంది. నేను వార్తల్లో "కొండ దిగువన" అని ఎన్నిసార్లు దిద్దానో. దిగువ అంటే ఇంత దిగువ అని తెలియదు.

పెంచలయ్య మొహం నేను వెంటనే గుర్తుపట్టాను. అచ్చులో చూసిన మొహమే మరి. మీసం తెల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. వసారాలో నవారు మంచం మీద కూర్చుని చెక్క గరిటె ఒకటి నునుపు చేస్తున్నాడు. కొండ మీది కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కడం ఆ ఊరి పని. ఎదురింటి ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని అదే చేస్తున్నారు. చెంచా అరవై, పెద్ద గరిటె నూట యాభై. పెంచలయ్య అమ్మడానికి చెయ్యడం లేదు. మూడు రోజులనుంచి ఒకటే గరిటె.

నా ప్యాంటు వైపు చూసి అన్నాడు: "ఏందన్నా, నన్ను చూడకముందే భయపడినట్టుండావే?"

భార్య రమణమ్మ నవ్వు ఆపుకుంటూ నీళ్లు తెచ్చింది. మధ్యాహ్నం రాగి సంగటి, గోంగూర పప్పు. వేళ్లకు అంటుకోకుండా సంగటి తినడం నాకు రాలేదు, అది వాళ్లకు మరో వేడుక. అతను రెండు ముద్దలే తిన్నాడు. కానీ ఆ రెండు ముద్దలు తిన్న తీరు నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ముద్ద నోట్లో పెట్టుకుని కొండ వైపు తిరిగి, అది కరిగేవరకూ ఇంకే పనీ లేనట్టు కూర్చున్నాడు.

ఎలా ఉంది నీకు అని అడిగాను. నొప్పి ఉంది, భయం అప్పుడప్పుడు తెల్లవారుజామున వస్తుంది అన్నాడు. వచ్చినప్పుడు దాన్ని పొమ్మనకుండా కొండ చూపిస్తాడట. తరవాత ఆ పేపరు వచ్చిన రోజు గురించి తనే ఎత్తాడు.

టీ కొట్లో జనం తనని చూసి లేచి నిలబడ్డారట. పక్కూరి మేనమామ పూలదండతో దిగి, గుమ్మంలో పళ్లు తోముకుంటున్న మేనల్లుణ్ని చూసి ఆ దండ ఏం చెయ్యాలో తెలియక మేక మెడలో వేశాడట. అంతా అయ్యాక ఒక్కడే కూర్చుని పేపరు మళ్లీ చూశాడు.

"నా ఫోటో, దాని మీద కన్నుమూత అని. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం సంగటి తింటే అంత రుచి ఎప్పుడూ లేదన్నా. కొండ చూస్తే కొత్తగా ఉండాది. సచ్చినోడికి ఇంత బాగుంటాదా అనుకున్నా. అప్పట్నించి రోజూ పొద్దన్నే ఒకసారి సచ్చినోడి మాదిరి ఆ కొండని చూస్తా."

చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. నోరు తెరిచాను. రమణమ్మ మజ్జిగ తెచ్చింది. నోరు మజ్జిగకే పనికొచ్చింది.

కనకాంబరాల మడి

శనివారం పొద్దున మాస్టారి ఇంటికి వెళ్లాం. జ్ఞాపకార్థ కూడిక అని మిషన్ల కాలంనుంచీ ఇక్కడి బాప్టిస్టు క్రైస్తవ కుటుంబాలు ఏటా చేసుకునేది. మా వైపు తద్దినానికి పిండాలు, పురోహితుడు, మడి ఉంటాయి. ఇక్కడ చాప పరిచి పాటలు, చిన్న ప్రార్థన, పోయిన మనిషి గురించి ఒక్కొక్కరూ ఒక మాట. మాట్లాడాల్సిన వంతు పెంచలయ్యకూ వచ్చింది. ఆ ఇంటివాడు కాదు, ఆ మతం కాదు. అయినా ఎవరూ వింతగా చూడలేదు. తన రెండో తరగతిలో మాస్టారు పలక మీద చెయ్యి పట్టి దిద్దించిన సంగతి చెప్పి కూర్చున్నాడు. గోడ మీద మాస్టారి ఫోటో ఉండాల్సిన చోట బడి పిల్లల గుంపు ఫోటో ఒకటి ఉంది. అందులో మూలన, పెసరగింజంత మాస్టారి మొహం, ఎండకి చిట్లించిన కళ్లు.

మాస్టారి భార్య సువార్తమ్మ కూడా టీచరే. ఎనభై దాటాయి. అందరినీ వెంటబెట్టుకుని తనే ముందు నడిచింది, సమాధుల తోటకి. మాస్టారి సమాధికి సున్నం వేశారు. పక్కనే నాలుగు రాళ్లు పాతి హద్దు పెట్టిన ఖాళీ చోటు, దాన్నిండా కనకాంబరం మొక్కలు. అదెవరిదని అడిగాను.

"నాదే నాయనా. నేనొచ్చేదాకా ఊరికే ఎందుకని ఏసినా. ఏడాది పొడుగూతా పూస్తాయి." దోసెడు కోసి రమణమ్మ కొంగులో పోసింది. రమణమ్మ అక్కడే కూర్చుని మాల కట్టుకుంది.

పెంచలయ్య అలిసిపోయాడు. మిగతావాళ్లు ముందు నడుస్తుంటే మేమిద్దరం గోడ నీడలో కూర్చున్నాం. ఇంక సాకులు లేవు. కవరు తీసి చేతికిచ్చాను. అతను ఫోటో బయటకి తీసి, వెనక్కి తిప్పాడు. తన చేతిరాతే, సిరా కొంచెం వెలిసింది: దేవదానం మాస్టారు, ఉదయగిరి. చూసి వెనక్కి పంపవలెను.

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. సొరుగు గురించి, సవరణ గురించి కూడా.

అతను ఫోటో మళ్లీ తిప్పాడు. ముందు వైపు మొహాన్ని బొటనవేలితో తుడిచాడు. చివరికి, "పదకొండేండ్లు నా వార్తలన్నీ కోసి కోసి ఏసినావు. నాది తప్పని రాసింది ఒక్కటి మాత్రం నిండుగా ఏసినావే" అన్నాడు. నవ్వలేదు. కోపం ఉంది, అది ఉండాల్సిందే. నేను తల దించుకున్నాను.

తరవాత మెల్లగా, "ఎవురికీ చెప్పబాక" అన్నాడు.

అదేమిటి, చెప్పడానికేగా వచ్చింది, ఆ ఇంట్లో నీ మాట నిలబడాలి కదా అన్నాను.

"నీకు తెలవదన్నా. ఆ పొద్దు తప్పు ఒప్పుకుందామని ఆ ఇంటికి పోయినా. వాకిట్లో నిలబడితే టీచరమ్మ, లోపలికొచ్చి అన్నం తిను అనింది. కూడిక వచ్చినప్పుడల్లా కబురు పంపింది. నా కూతురి పెండ్లికి ఆమె ముందు నిలబడింది. నాకు అక్క లేదు, ఆమెకి తమ్ముడు లేడు. అంతా ఆ తప్పు మీద లేసిన ఇల్లు. ఇప్పుడొచ్చి తప్పు నాది కాదంటే ఎట్ట? ఈ నాలుగు దినాలు నన్నాడనే ఉండనియ్యి."

ఫోటో కవర్లో పెట్టి నాకే ఇచ్చేశాడు. "నేను పోయినాక టీచరమ్మకియ్యి. అప్పుడు చెప్పుకో ఎంత కావాలంటే అంత."

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర సువార్తమ్మ మా ఇద్దరికీ తనే వడ్డించింది. పెంచలయ్య విస్తట్లో అడక్కుండానే రెండు ముద్దలంత అన్నమే పెట్టింది. తరవాత నా వైపు తిరిగి పేపరాయనవి గదా అని, ఆ రోజు సంగతి చెప్పింది. మాస్టారు పోయినప్పట్నించీ ఆమెకు మెతుకు దిగలేదట. ఆయన మొహం కోసం పేపరు తెరిచింది. "మీసాలేసుకుని వీడు నవ్వుతా ఉండాడు. నాకు నవ్వొచ్చేసింది. నవ్వినాక ఆకలైంది."

పెంచలయ్య తల ఎత్తకుండా అన్నం కలుపుకుంటున్నాడు. నేనూ అంతే.

బస్సెక్కే ముందు తనని ఫోటో తీయమన్నాడు. కొండ వెనకాల రావాలన్నాడు. తీశాను. గరిటె నా సంచిలో పెట్టి, "ఈసారి సరిగ్గా చూసి ఎయ్యి" అన్నాడు.

మళ్లీ

నేను తణుకు వచ్చాక పెంచలయ్య రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసేవాడు. ఒకప్పుడు వార్తలు చెప్పే వేళ అదే. దుత్తలూరులో చినుకు పడింది. ఈరోజు ఇడ్లీ ఒకటిన్నర. ఎదురింట్లో దూడ పుట్టింది. నేను కాగితం మీద రాసుకునేవాణ్ని, అలవాటు. ఏప్రిల్లో ఒక సాయంత్రం ఆరింటికి రమణమ్మ చేసింది.

నాలుగు పేరాలు రాసి నెల్లూరులో డెస్కుకు పంపాను. ఫోన్లో తీసిన ఫోటోకి వెనక వైపు ఉండదు. అందుకని ఫోన్ చేసి, మీసం తెల్లగా ఉందా, వెనకాల కొండ ఉందా అని రెండుసార్లు అడిగాను. ఉన్నాయి సార్ అని విసుక్కున్నారు. మర్నాడు సరిగ్గానే వచ్చింది.

పదో రోజుకి మళ్లీ వెళ్లాను. సంగం దగ్గర పెన్నలో ఇసుక తెల్లగా మండుతోంది. కొండ ఎండలో పలచబడిపోయి ఉంది. రమణమ్మని పలకరించి సువార్తమ్మ ఇంటికి నడిచాను. పెద్ద ఫోటో, చిన్న ఫోటో రెండూ చేతిలో పెట్టి, అంతా చెప్పాను. ఈసారి మధ్యలో ఎవరూ మజ్జిగ తేలేదు.

పెద్ద ఫోటో వైపు ఆమె ఎక్కువసేపు చూడలేదు. చిన్నదాన్ని వెనక్కి తిప్పి, కళ్లజోడు సరిచేసుకుని, పెంచలయ్య రాతను వేలితో దిద్దుతూ చదివింది. చూసి వెనక్కి పంపవలెను. ఇంకోసారి చదివింది. కొంగుతో కళ్లొత్తుకుని, లేచి లోపలికి వెళ్లింది. ఇంక పొమ్మంటుందని నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

కంచంతో వచ్చింది.

"తప్పు నీదైతే మరి, మళ్లా ఏటి కూడికకి నువ్వు రావాల గదా. కూసో నాయనా."